కంపెనీ తక్కెడ

ఆషాఢం అడుగుపెట్టేసరికి చిత్తూరు సీమ దారులన్నీ మామిడి వాసనతో నిండిపోతాయి. దామలచెరువు, బంగారుపాళ్యం, పుత్తూరు, తిరుపతి మండీలకు బండ్లు బారులు తీరుతాయి. వాటిలో అధికభాగం ఒకే జాతి కాయ. కొన చిలుకముక్కువలె వంగి ఉండడం చేత దానికి తోతాపురి అని పేరు వచ్చినది. కొందరు బెంగుళూరా అంటారు. మరికొందరు కలెక్టరు మామిడి అంటారు. కలెక్టరు పేరు మోసిన ఈ కాయకు ధర కుదర్చడానికి 2025లో నిజంగానే కలెక్టరు కూర్చోవలసి రావడం కాలం చేసిన చమత్కారం.

ఆ యేడు జూన్, జూలై మాసాలలో గుజ్జు ఫ్యాక్టరీల వాకిళ్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచిపోయినవి. కిలో ధర నాలుగైదు రూపాయల దాకా దిగజారినది. కోతకూలి, బండి బాడుగ కూడా గిట్టక కొందరు రైతులు కాయలను రోడ్డు మీద పారబోసినారు. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అందాలని నిర్ణయించి, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు చెల్లించాలని, 4 రూపాయలు ఖజానా నుండి ఇస్తామని ప్రకటించినది. బయటి రాష్ట్రాల తోతాపురి రాకుండా జిల్లా యంత్రాంగం ఆంక్ష విధించగా, కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం తెలుపుతూ లేఖ వ్రాసినారు. జూలైలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసలు ధర కట్టి, 1.62 లక్షల టన్నుల మేరకు భారంలో సగం భరించడానికి సమ్మతించినది. ఇంత జరిగినా, ఫ్యాక్టరీల వంతు ఎనిమిది రూపాయలు తమ చేతికి రావడం లేదని రైతులు వీధికెక్కినారు. గత సంవత్సరపు గుజ్జే అమ్ముడుపోక పీపాలలో నిలిచి ఉన్నదని ఫ్యాక్టరీల వారు బదులు చెప్పినారు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. పండించినవాడు ఇక్కడివాడు, గుజ్జు తీసినవాడూ చాలావరకు ఇక్కడివాడే. మరి ధర ఎక్కడ నిర్ణయమైనది? బహుళజాతి సంస్థల అధికారం, ప్రపంచీకరణ అనే పెద్ద మాటలు సభలలో వినబడినప్పుడు విద్యార్థికి అవి ఎక్కడో సముద్రాల ఆవలి సంగతులుగా తోస్తాయి. కాని ఆ మాటల అర్థం చిత్తూరు జిల్లాలో ఒక మామిడికాయను చేతికి తీసుకొని తెలుసుకొనవచ్చు.

సీసాలోని లెక్క

తోతాపురి భోజనానంతరం తినే పండుగా పేరు పొందినది కాదు. బంగినపల్లి తీపి, ఆల్ఫాన్సో పరిమళం దీనికి లేవు. అయితే కాపు ఎక్కువ, కండ ఎక్కువ, ధర తక్కువ. అందుచేత పానీయాల పరిశ్రమకు ఇది మూలపదార్థమైనది. కాయను మాగబెట్టి, కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, వేడితో సూక్ష్మజీవులను చంపి, గాలి సోకని సంచులలో నింపి, ఆ సంచులను ఇనుప పీపాలలో భద్రపరుస్తారు. ఆ పీపాలలో కొన్ని దేశంలోని శీతల పానీయాల కంపెనీలకు, కొన్ని అరబ్బు దేశాలకు, కొన్ని ఐరోపాకు తరలిపోతాయి.

ఈ ప్రయాణాన్ని పరిశీలిస్తే అది ఒక గరాటు ఆకారంలో కనిపిస్తుంది. పైన వేలాది రైతులు. నడుమ పదుల సంఖ్యలో ఫ్యాక్టరీలు. అడుగున వ్రేళ్లమీద లెక్కించదగిన పెద్ద కొనుగోలుదార్లు. పైన ఎంత పోసినా అడుగు రంధ్రం ఎంత ఉన్నదో అంతే దిగుతుంది. అమ్మేవారు అనేకులై కొనేవారు కొద్దిమందే అయినప్పుడు ధర కొనేవారి నోట పలుకుతుంది. దీనిని అర్థశాస్త్రజ్ఞులు కొనుగోలు గుత్తాధిపత్యం అంటారు. రైతుకు ఆ పదం తెలియకపోవచ్చును. ఎండలో ట్రాక్టరు మీద మగ్గిపోతున్న సరుకు ఆ పాఠం చెప్పకనే చెబుతుంది. బియ్యం అయితే గాదెలో పోసుకొని మంచి ధర వచ్చేదాకా ఆగవచ్చును. మామిడికాయ ఆగదు. ఆగలేనివాడు బేరమాడలేడు.

ఇప్పుడొక చిన్న లెక్క. మన దేశపు ఆహార ప్రమాణాల నిబంధనల ప్రకారం పండ్లరస పానీయంలో పండు భాగం కనీసం నూటికి పది పాళ్లు ఉండాలి. అంటే లీటరు సీసాలో కనీసం నూరు గ్రాముల గుజ్జు. కాయ బరువులో సుమారు సగం గుజ్జు దిగుతుందనుకొంటే, ఆ నూరు గ్రాములకు 200 గ్రాముల కాయ చాలు. కిలో నాలుగు రూపాయలైన నాడు ఆ కాయ విలువ 80 పైసలు. ఎనిమిది రూపాయలైతే ఒక రూపాయి 60 పైసలు. పన్నెండు రూపాయలైనా రెండు రూపాయల 40 పైసలు. మిగిలినదంతా నీరు, చక్కెర, సీసా, రవాణా, పన్ను, దుకాణదారుని లాభం, ప్రకటనల ఖర్చు, కంపెనీ లాభం.

నాలుగుకు, ఎనిమిదికి నడుమ ఉన్న భేదం సీసా కొనేవానికి 80 పైసలు. అదే భేదం పది టన్నులు పండించిన రైతుకు 40,000 రూపాయలు. ఆ నలభై వేలలో ఒక పిల్లవాని కళాశాల రుసుము ఉన్నది. ఒక బోరుబావి అప్పు వాయిదా ఉన్నది. మరుసటి యేటి ఎరువు ఉన్నది. ఎనభై పైసలు ఎవరి జేబులో నిలవాలనే ప్రశ్న చూపుకు చిన్నది. కాని మూడున్నర శతాబ్దాలకు పైగా ఈ సీమలో నడుస్తున్న ఒక పెద్ద వివాదం అందులో ఇమిడి ఉన్నది.

చంద్రగిరి నీడలో మొదటి కంపెనీ

1600 డిసెంబరు 31న లండనులో రాణి ముద్రతో ఒక వర్తక సంఘం పుట్టినది. వాటాదార్లు ఒక దేశంలో, వ్యాపారం మరి అనేక దేశాలలో, లాభమే పరమార్థం. నేటి బహుళజాతి సంస్థల లక్షణాలన్నీ ఆ ఈస్టిండియా కంపెనీలో అంకురరూపంలో ఉన్నవి. 1639లో ఆ కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే, దామర్ల వెంకటాద్రి నాయకుని వద్ద సముద్రపు ఒడ్డున మదరాసుపట్నం ఇసుకనేలపై హక్కుపత్రం పొందినాడు. అప్పటికి విజయనగర సామ్రాజ్య శేషం చంద్రగిరి, వేలూరు కోటల ఆశ్రయంలో కొడిగట్టిన దీపంవలె ఉన్నది. 1645లో మూడవ శ్రీరంగరాయలు ఆ హక్కులను ధ్రువపరిచినాడు. తిరుపతి నుండి చంద్రగిరి కోట చూడబోయే విద్యార్థులు రాజమహల్ శిల్పసౌందర్యంతో పాటు ఈ సంగతి కూడా జ్ఞాపకం పెట్టుకొనదగినది.

కంపెనీ ఆనాడు కత్తి చూపి రాలేదు. తక్కెడ పట్టుకొని వచ్చినది. ఇక్కడి నేతబట్ట, అద్దకపు బట్ట ఐరోపాలో మంచి వెల పలికేవి. మధ్యవర్తుల ద్వారా నేతగాండ్రకు ముందస్తు సొమ్ము ఇచ్చి, బట్టను తమకే అప్పగించవలెనని కట్టడి చేసినారు. నాణ్యం తక్కువని నేసిన బట్టను త్రోసిపుచ్చే అధికారం కొనేవానిదే. అప్పు తీరని నేతగాడు మరొకరికి అమ్మరాదు. ముందస్తు సొమ్ము, ఒకే కొనుగోలుదారు, నాణ్యం పేరిట తిరస్కారం: ఈ మూడు ముళ్లు పడిన తర్వాత మగ్గం నేతగాని ఇంటిలో ఉన్నా దాని పగ్గం కంపెనీ చేతిలో ఉన్నట్లే.

తక్కెడ తర్వాత ఖజానా వచ్చినది. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యలో ఆర్కాటు నవాబు మహమ్మదలీ తన యుద్ధపు అప్పుల కింద తిరుమల దేవాలయ ఆదాయాన్ని కంపెనీకి వదలిపెట్టినాడు. ఏడుకొండలవాని ముడుపు, లండను వాటాదార్ల లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా చేరినది. 1801లో కర్ణాటక రాజ్యమే కంపెనీ వశమైనప్పుడు ఆలయ నిర్వహణ కూడా దాని ఉద్యోగుల చేతికి వచ్చినది. 1821లో బ్రూస్ దొర నిబంధనావళి వెలువడినది. అన్యమత దేవాలయాల నిర్వహణలో కంపెనీ పాల్గొనరాదని ఇంగ్లండులో ఆందోళన పెరిగి, చివరకు 1843లో ఆలయం హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగించబడినది. లాభం ఉన్నంతవరకు కంపెనీ తనంతట వదలలేదు. ప్రజాభిప్రాయం ఒత్తిడి చేసినప్పుడే వదలినది. ఈ వాస్తవం గమనింపదగినది.

ప్రతిఘటన లేకపోలేదు. 1804-05 ప్రాంతంలో చిత్తూరు పాలెగాండ్రు కంపెనీ అధికారానికి లొంగక తిరగబడినారు. సైన్యం వారిని అణచివేసినది. ఆ తిరుగుబాటులో ధైర్యం ఉన్నది గాని, పొలం దున్నే రైతుకు అందులో దక్కేదేమిటో ఎవరూ చెప్పలేదు. పాలెగాని హక్కు నిలిస్తే రైతు శిస్తు తగ్గుతుందా? ఈ ప్రశ్నకు జవాబు లేని పోరాటం కోటగోడల దగ్గరే ఆగిపోయినది. తర్వాతి కాలపు ఉద్యమాలకు కూడా ఇది హెచ్చరిక.

వ్యతిరేకత రూపు మారుట

ఆ శతాబ్దపు చివరి భాగంలో వ్యతిరేకత కత్తిని వదలి గణితాన్ని చేపట్టినది. దాదాభాయి నౌరోజీ దేశసంపద ఏటేటా విదేశానికి తరలిపోతున్న తీరును అంకెలతో నిరూపించి 1901లో గ్రంథంగా ప్రకటించినారు. 1905 నాటి స్వదేశీ ఉద్యమం ఆ అంకెలకు కాళ్లు ఇచ్చినది. 1906లో తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై స్వదేశీ ఓడల కంపెనీ నెలకొల్పినారు. విదేశీ బట్ట కాల్చడం కంటే స్వదేశీ ఓడ నడపడం కష్టమైన పని. అందుచేతనే ఏలికలకు అది ఎక్కువ కోపం తెప్పించినది. చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు అర్థశాస్త్రాన్ని తెలుగులో గ్రంథంగా రచించడం కూడా ఈ మేల్కొలుపులో భాగమే. ధర, కూలి, కౌలు, మూలధనం అనే విషయాలు ఇంగ్లీషు వచ్చినవారి సొత్తుగా ఉన్నంతకాలం సామాన్యుడు తన నష్టానికి కారణం తెలుసుకొనలేడు.

స్వాతంత్ర్యానంతరం ఈ వివాదం కొత్త వేషంలో వచ్చినది. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ కంపెనీలు తమ వాటాను నూటికి నలభైకి తగ్గించుకొనవలెనని శాసించినది. జనతా ప్రభుత్వ కాలంలో, 1977లో, ఆ షరతుకు లోబడక కోకాకోలా దేశం విడిచిపోయినది. ఆ యేడే స్వదేశీ పానీయంగా థమ్సప్ వెలువడినది. 1991 ఆర్థిక సంస్కరణల అనంతరం 1993లో కోకాకోలా తిరిగివచ్చి, థమ్సప్, లిమ్కాలతో పాటు మామిడి పానీయమైన మాజాను కూడా కొనివేసినది. పదహారేళ్ల వనవాసం చేసినవాడు తిరిగివచ్చి ఇల్లు, ఇంటిలో పెరిగిన మొక్కలను కలిపి కొన్నట్లయినది. మన చిలుకముక్కు కాయకు ఈ ఘట్టంతో సంబంధం ఉన్నది. 2011లో ఆ కంపెనీ, జైన్ ఇరిగేషన్ కలిసి చిత్తూరు జిల్లాలో ఉన్నతి అనే పథకం ప్రారంభించినవి. సంప్రదాయరీతిలో ఎకరాకు సుమారు నలభై చెట్లు నాటే చోట, అతిసాంద్ర పద్ధతిలో 674 మొక్కలు నాటి బిందు సేద్యంతో పెంచే విధానాన్ని రైతులకు నేర్పినారు.

దిగుబడి పెరుగుతుందనడంలో అసత్యం లేదు. కాని దిగుబడి వేరు, రాబడి వేరు. ప్రతి తోటా ఒకే జాతి కాయను ఎక్కువగా కాస్తే, కొనేవారి సంఖ్య పెరగనప్పుడు, ఆ సమృద్ధియే శాపమవుతుంది. తినుబండారంగా అంతగా అమ్ముడుపోని తోతాపురికి ఫ్యాక్టరీ వాకిలి తప్ప వేరు దారి లేదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్న సామెత 2025లో అక్షరాలా నిజమైనది.

ఈ జిల్లాకే చెందిన మరొక ప్రయోగం కుప్పంలో జరిగినది. 1990 దశకపు చివరి భాగంలో ఇజ్రాయెల్ సాంకేతిక పద్ధతులతో అక్కడ ప్రదర్శన క్షేత్రం ఏర్పడినది. బి.హెచ్.సి. ఆగ్రో అనే సంస్థ దానిని నిర్వహించినది. తరువాతి దశలో చిన్న కమతాలను కలిపి ఒకే క్షేత్రంగా సాగుచేయించే యత్నం జరిగినది. గట్టు చెరిగిన తర్వాత రైతు తన నేలను ఎట్లు గుర్తించాలి? లోతు బోర్ల నీరు ఎన్నాళ్లు నిలుస్తుంది? పంట పోతే నష్టం ఎవరిది? ఈ ప్రశ్నలను రైతు సంఘాలు, వామపక్షాలు లేవనెత్తినవి. ఆ ప్రయోగంలోని బిందు సేద్యం పనికివచ్చే విద్య కనుక రాష్ట్రమంతటా వ్యాపించినది. గట్టు చెరిపే ఆలోచన మాత్రం రైతు మనస్సుకు ఎక్కలేదు. విద్యను తీసుకొని నేలను విడువకపోవడం రైతు వివేకం.

అదే కాలంలో పొరుగున కర్ణాటకలో నంజుండస్వామి నాయకత్వాన రైతు సంఘం 1992 డిసెంబరులో బెంగుళూరులోని కార్గిల్ విత్తనాల కార్యాలయంపై దాడి చేసినది. 1993లో బళ్లారిలో ఆ కంపెనీ కట్టడాన్ని కూల్చినది. ఆంధ్రదేశంలో ప్రపంచబ్యాంకు షరతుల నేపథ్యంలో పెరిగిన విద్యుత్ చార్జీలకు వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం నడిచి, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలి అయినారు. ఆగ్రహానికి కారణం ఉన్నది. అయితే పగిలిన అద్దం విత్తనం ధరను తగ్గించలేదు. ఏ పద్ధతి వలన ధర తగ్గినది, ఏ పద్ధతి వలన నీరు దక్కినది అని విచారించడం అవసరం.

గెలిచిన చోట్లు

మొదటి ఉదాహరణ పాలది. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పాల కొనుగోలుపై పోల్సన్ అనే సంస్థకు గుత్తాధిపత్యం ఉండేది. 1946లో రైతులు పదిహేను రోజులు ఒక్క చుక్క పాలు పోయక సమ్మె చేసినారు. సర్దార్ పటేల్ సలహాతో, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన సహకార సంఘం స్థాపించుకొన్నారు. పాలు కూడా మామిడివలె ఆగని సరుకే. ఆగని సరుకు గలవాడు బేరమాడాలంటే దానిని ఆపే యంత్రం తన చేతిలో ఉండాలని వారు గ్రహించినారు. అముల్ చరిత్రలోని కీలకం ఇదే.

రెండవది విత్తనం. జన్యుమార్పిడి చేసిన పత్తి విత్తనాన్ని 2002 మార్చిలో మన దేశంలో అనుమతించినారు. 450 గ్రాముల పొట్లంపై సాంకేతిక రుసుము పేరిట 1,250 రూపాయలు మోన్‌శాంటో అనుబంధ సంస్థకు చేరేవి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నియంత్రణ కమిషన్ ముందు ఫిర్యాదు చేసినది. రుసుము అధికమని కమిషన్ తాత్కాలిక ఉత్తర్వులో భావించినది. పొట్లం మొత్తం ధరనే 750 రూపాయలుగా రాష్ట్రం నిర్ణయించినది. రాయి విసరకుండా, అద్దం పగలకుండా, ఒక రాష్ట్రం ఒక మహాసంస్థ చేత ధర తగ్గింపించినది. తెలుగువారు గర్వింపదగిన ఈ ఘట్టం పాఠ్యపుస్తకాలలో చోటు చేసుకొనదగినది.

మూడవది నీరు. కేరళలోని ప్లాచిమడలో 2000లో ప్రారంభమైన కోకాకోలా కర్మాగారం వలన బావులు ఎండినవని, మిగిలిన నీరు చెడినదని గ్రామస్థులు 2002 ఏప్రిల్‌లో నిరసన ప్రారంభించినారు. మయిలమ్మ అనే గిరిజన స్త్రీ వారికి నాయకురాలు. పంచాయతీ వారి పక్షం వహించినది. 2004 మార్చిలో కర్మాగారం మూతపడినది. అయినను నష్టపరిహారానికై కేరళ శాసనసభ 2011లో ఆమోదించిన బిల్లు రాష్ట్రపతి ఆమోదముద్ర పొందలేదు. మూయించడం ఒకటి, పరిహారం రాబట్టడం మరొకటి.

నాలుగవది సంతకం చేయకపోవడం. ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కుదిరితే న్యూజిలాండు పాలపొడి వచ్చిపడుతుందని దేశమంతటా పాడి రైతులు అభ్యంతరం చెప్పినారు. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత ప్రభుత్వం ఆ ఒప్పందం నుండి వైదొలగినది.

ఈ నాలుగింటిలో ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. ప్రతిచోటా కోపానికి తోడు ఒక సాధనం ఉన్నది: ఒకచోట సహకార సంఘం, ఒకచోట చట్టం, ఒకచోట పంచాయతీ, ఒకచోట ప్రభుత్వం చేత సంతకం ఆపించిన ప్రజాభిప్రాయం. సాధనం లేని కోపం వడగాలివలె వీచి పోతుంది. ఉన్న సాధనాన్ని పోగొట్టుకొనడం దానికంటే పెద్ద నష్టం. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినది. ఆ మూత ఏ విదేశీ కంపెనీ వచ్చి వేసినది కాదు. బయటి కంపెనీ బలమెంత అని అడిగే ముందు, ఇంటి సహకార సంస్థను కాపాడుకొన్న శ్రద్ధ ఎంత అని ఈ సీమ ప్రశ్నించుకొనవలసి ఉన్నది. కంచే చేను మేసిన చోట బయటి పశువును ఏమి అనగలము?

వ్యతిరేకించవలసినది దేనిని?

ప్రపంచీకరణను సమర్థించేవారు చెప్పే మాట కూడా వినవలెను. గుజ్జు ఫ్యాక్టరీలే లేకుంటే తోతాపురి చెట్టు కిందనే కుళ్లిపోదా? అరబ్బు దేశాలు కొనకుంటే ఈ తోటలు పుట్టేవా? సత్యవేడు దగ్గర శ్రీసిటీలోని విదేశీ కర్మాగారాలలో ఈ ప్రాంతపు యువతీయువకులు పనిచేయడం లేదా? ఈ ప్రశ్నలు తోసిపుచ్చదగినవి కావు. సముద్రవ్యాపారం మనకు కొత్త కాదు. కాళహస్తి కలంకారీకి దేశాంతర ఖ్యాతి వచ్చినది వర్తకం వల్లనే.

కనుక వ్యతిరేకించవలసినది వర్తకాన్ని కాదు, జవాబుదారీ లేని అధికారాన్ని. కొనేవాడు విదేశీయుడా స్వదేశీయుడా అనేది రెండవ ప్రశ్న. 1977లో విదేశీ కంపెనీ వెళ్లిపోయినప్పుడు గరాటు ఆకారం మారలేదు. అడుగున కూర్చున్నవారు మాత్రమే మారినారు. తక్కెడ ఎవరి చేతిలో ఉన్నది, దాని రాళ్లను ఎవరు తనిఖీ చేస్తారు, తూకం తప్పితే ఎవరిని అడగాలి అన్నవి మొదటి ప్రశ్నలు. ఈస్టిండియా కంపెనీని కూడా చివరకు చట్టమే కట్టడి చేసినది: 1773లో మొదటి నియంత్రణ శాసనం వచ్చినది, 1858లో రాజ్యాధికారం పోయినది, 1874లో సంస్థయే అంతరించినది. ఏ కంపెనీ అయినా చట్టం వలన పుట్టినదే. పుట్టించిన చట్టానికి నియమించే హక్కు కూడా ఉన్నది.

తోతాపురి విషయంలో రైతులు కోరుతున్నది అసాధ్యమైనది కాదు. కోతకు ముందే ధర ప్రకటించాలి. కొన్న సరుకుకు గడువులోగా సొమ్ము చెల్లించాలి. ర్యాంపులలో తరుగు పేరిట జరిగే కోతకు హద్దు ఉండాలి. వీటికి తోడు రైతుల సొంత గుజ్జు కర్మాగారం, సొంత పీపాలు ఉన్ననాడు ఆగలేని కాయ ఆగగలుగుతుంది. కనీసం కొంతభాగం సరుకునైనా ఆపగలిగినవాడు మిగిలిన సరుకుకు బేరమాడగలడు. ఒకే జాతి మీద ఆధారపడక తోటలో పలు జాతులు పెంచడం కూడా ఆత్మరక్షణలో భాగమే. కోపం సంవత్సరంలో రెండు నెలలు మాత్రమే ఉంటుంది. ఈ పనులకు మిగిలిన పది నెలలు కావాలి.

ఇక పాఠశాలల సంగతి. ఒక మామిడి పానీయపు సీసా మీద అంటించిన చీటీని తరగతిలో చదివించవచ్చును. పండు ఎంత పాలు, నీరు ఎంత, చక్కెర ఎంత అని పిల్లలు చూడగలరు. ఆ వారపు మండీ ధర తెలుసుకొని, సీసాలో రైతు వాటా ఎన్ని పైసలో లెక్కకట్టగలరు. ఐదవ తరగతి గణితం చాలు. ఆ తరగతిలో కూర్చున్న పిల్లలలో కొందరి తండ్రులు ఆ సమయానికి ఫ్యాక్టరీ వాకిట ట్రాక్టరు మీద ఎదురుచూస్తూ ఉండవచ్చును. తండ్రి ఎందుకు ఎదురుచూస్తున్నాడో బిడ్డకు లెక్కతో సహా తెలియడం గొప్ప చదువు.

చంద్రగిరి రాజులకు ఆ లెక్క తెలియలేదు. సముద్రపు ఒడ్డున పనికిరాని ఇసుకనేల ఇచ్చినామని అనుకొన్నారు. తక్కెడ ఇచ్చినామని గ్రహించలేదు. నేటి పౌరునికి ఆ అజ్ఞానం క్షమింపదగినది కాదు. వచ్చే ఆషాఢంలో దామలచెరువు దారిలో మళ్లీ బండ్లు కదులుతాయి. కాయలను తూచే తక్కెడ ముందు నిలిచేది రైతే. దాని రాళ్లను తనిఖీ చేయవలసినది మాత్రం అందరూ.